మండువాను పంచుకోగలరా?

అమలాపురం దగ్గర ఒక పల్లెటూరి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు బయట పెట్టవద్దన్నారు గనక పెట్టడం లేదు. ఉత్తరం పొడుగైనదే గాని, సంగతి మాత్రం క్లుప్తంగా చెప్పవచ్చు.

వారి పెద్దబ్బాయి పట్నంలో ఆర్కిటెక్చరు చదువుతున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చి, ఒక పుస్తకం తెరిచి, "అమ్మా, ఇలాంటి ఇల్లు ఎప్పుడైనా చూశావా?" అని ఒక బొమ్మ చూపించాడట. ఇంటి నడిమధ్య ఆకాశం కనిపించే ఖాళీ జాగా, దాని చుట్టూ వసారాలు, చెక్క స్తంభాలు, పెంకుల చూరు. సింహళంలో, కొలంబో నగరంలో కట్టిన ఇల్లు అది. కుర్రవాడు ఆ బొమ్మ చూస్తూ కంచం ముందు అన్నం చల్లారిపోతున్నా కదలలేదు. ఆ తల్లి బొమ్మ చూసింది. తరవాత తల ఎత్తి తాను కూర్చున్న చోటు చూసింది. ఆమె కూర్చున్నది మండువా వసారాలో!

అదే వారంలో ఆమె భర్తా, మరిదీ కూర్చుని, పాతిల్లు పడగొట్టి, స్థలం రెండు వాటాలు చేసుకుని, ఎవరి డాబా వారు వేసుకుందామని నిశ్చయించారట. కుర్రవాడు కూడా, "పాతబడింది కదా బాబాయ్, పడగొట్టేయండి" అన్నాడట.

"అక్కయ్యగారూ, అదే మండువా సింహళంలో ఉంటే కొత్తదీ, కోనసీమలో ఉంటే పాతదీ ఎలా అవుతుందో నాకు బోధపడడం లేదు. మా అమ్మాయి సంగీతం నేర్చుకుంటున్నది. పిల్లలకు కొత్త చిత్రాలూ, కొత్త సంగీతం, కొత్త కట్టడాలూ చూపించాలంటే ఎక్కడికి తీసుకువెళ్ళాలి? ఇక్కడ కొబ్బరిచెట్లు తప్ప చూడడానికేముంది అంటాడు మావాడు. ఇల్లు పోతుందంటే నాకు మనసొప్పడం లేదు. నాది ఒట్టి చాదస్తమేనా?" అని అడిగారు.

చాదస్తం కాదు. అలాగని పాతదల్లా బంగారమనీ నేను అనను. ముందు ఆ సింహళపు ఇంటి కథ చెబుతాను. మీ అబ్బాయి చూపించినది ఏ ఇంటి బొమ్మో మీరు రాయలేదు గాని, మీ వర్ణన చదివితే నాకు ఎనా డిసిల్వా గారి ఇల్లే గుర్తుకు వచ్చింది.

జెఫ్రీ బావా అని ఒకాయన ఉండేవారు. 1919లో పుట్టారు. మొదట లాయరు. ఆ వృత్తి నచ్చక, తోటల మీదా ఇళ్ళ మీదా మనసు పోయి, మళ్ళీ విద్యార్థిగా చేరి, దాదాపు నలభయ్యో పడిలో ఆర్కిటెక్టు అయ్యారు. తరవాత సింహళ పార్లమెంటు భవనాన్ని రూపొందించినది కూడా ఆయనే. 1960 ప్రాంతంలో ఎనా డిసిల్వా అనే ఆవిడ ఆయన దగ్గరికి వెళ్ళి తమకొక ఇల్లు కట్టిపెట్టమన్నారు. ఆవిడ సామాన్యురాలు కాదు. బట్టల మీద మైనంతో బొమ్మలు వేసి రంగులద్దే బాతిక్ పనికి సింహళంలో పునర్జన్మ ఇచ్చిన కళాకారిణి. బెంటోటాలో బావా కట్టిన హోటలు కప్పుకు కింద పరిచిన రంగురంగుల బట్టలు ఆవిడ చేతిపనే.

ఆ రోజుల్లో కొలంబోలో డబ్బున్నవారంతా తోట మధ్యలో బంగళా కట్టుకునేవారు. ఎనా గారికి ఉన్న స్థలం చిన్నది. ఊరి నడిబొడ్డున ఉన్నది. ఆవిడకు కావలసినవి మాత్రం రెండూ ఎదురెదురు కోరికలు. తాతల నాటి ఇంట్లో ఉన్నట్టు వసారాలూ, నడవా, నీడా కావాలి. ఈ కాలపు మనిషి బతకడానికి వీలుగానూ ఉండాలి. బావా ఏం చేశారంటే, వీధి వైపు ఎత్తుగా గోడ పెట్టి, ఇంటి మొహం లోపలికి తిప్పేశారు. నడుమ పెద్ద ముంగిలి, అక్కడక్కడ చిన్న ముంగిళ్ళు, వాటి చుట్టూ గదులు. స్తంభాలు చెక్కవి, కప్పు పెంకులది. చదువుకున్నది లండనులో అయినా, సామాను మాత్రం స్వదేశంలోనే వెతికారు. 1962 నాటికి ఇల్లు పూర్తయింది. ఆసియాలో ఎంతోమంది ఆర్కిటెక్టులకు ఆ ఇల్లు పాఠమయింది.

ఇప్పుడు అసలు సంగతి వినండి. 2009లో ఆ ఇంటి స్థలం అమ్ముడుపోయింది. ఇల్లు కూలిపోవలసిందే అన్న పరిస్థితి వచ్చింది. అప్పుడు బావాను అభిమానించేవారు పూనుకుని, రాయికి రాయి, దూలానికి దూలం అంకెలు వేసి, విప్పి, ఆయన తోట ఉన్న లూనుగంగకు తీసుకువెళ్ళి మళ్ళీ నిలబెట్టారు. కట్టి యాభై ఏళ్ళయినా నిండని ఇంటికి అంత మర్యాద జరిగింది. మన వైపు నూరేళ్ళ ఇంటిని విప్పితే స్తంభాలు ఒక బండి మీదా, తలుపులు ఒక బండి మీదా పోయి, పట్నంలో ఎవరి హోటలు వసారాలోనో తేలుతున్నాయి.

ఇక మన మండువా సంగతి. దాన్ని అందం కోసం కట్టారనుకోవడం పొరపాటు. గౌతమికీ, వసిష్ఠకూ, సముద్రానికీ మధ్య ఉన్న నేల మనది. ఏడాదిలో సగం రోజులు గాలిలో తడి. ఎండాకాలంలో చెమట ఆరదు. అటువంటి చోట ఇంటికి కావలసినది చల్లదనం ఒక్కటే కాదు, గాలి కదలిక. మధ్యాహ్నం మండువాలో ఎండ పడుతుంది. అక్కడి గాలి వేడెక్కి పైకి పోతుంది. పైకి పోయిన గాలి చోటు నింపడానికి వీధి తలుపు నుంచీ, పెరటి తలుపు నుంచీ కొత్త గాలి లోపలికి వస్తుంది. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి మళ్ళీ మండువాలోకే దిగుతుంది. విసనకర్ర లేకుండానే ఇల్లు విసురుకుంటుందన్నమాట. నాలుగు వైపుల నుంచీ కప్పు లోపలికి వాలి ఉంటుంది గనక వానకు నాలుగు చూరుల నీరూ మండువాలో పడి, తూము గుండా పెరట్లోకి పోతుంది. అమ్మమ్మలు ఆ చూరు కింద గంగాళాలు పెట్టి నీళ్ళు పట్టుకునేవారు. వీధి అరుగు నుంచి పెరటి నూతి దాకా తలుపులన్నీ ఒకే వరసలో పెట్టడంలో కూడా ఇదే లెక్క ఉన్నది.

దాని లోపాలు కూడా చెప్పుకోవాలి. పెంకులు ఏటా నేయించాలి. నేసేవారు దొరకడం లేదు. లోపలి మూలల్లో కప్పులు కలిసేచోట కురిస్తే గోడ చెమ్మగిల్లుతుంది. వాసాలకు చెద. మండువా కడిగి, ముగ్గు పెట్టి, వానాకాలంలో పాకుడు గీకేది ఇంటి ఆడవారే. మెచ్చుకునేది మాత్రం అరుగు మీద కూర్చున్న మగవారు! ఆ అరుగు మీదకు ఎవరు రావచ్చు, ఎవరు వీధిలోనే నిలబడాలి అన్న లెక్కలు కూడా ఆ ఇళ్ళల్లోనే నడిచాయి. నడిమింటి గడప దాటని కోడళ్ళ కథలు మీకు నేను చెప్పనక్కరలేదు. కోనసీమలో అందరూ మండువాల్లో బతకనూ లేదు. తాటాకు ఇళ్ళలో బతికినవారే ఎక్కువ. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసినవారు గట్టి స్లాబు కావాలంటే వారిని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు.

అయితే, లోపాలున్నాయని గుణాన్ని కూడా పారేయాలా? ఎనా గారు చేసిన పని అదే చూడండి. తాతల ఇంటిని మక్కికి మక్కి దింపమనలేదు. అందులో తనకు కావలసినదేదో తేల్చుకుని, అది మాత్రమే అడిగారు. కొత్తదనం అన్నది అక్కడ పుట్టింది.

ఈ మాట మీ అమ్మాయి సంగీతానికి కూడా వర్తిస్తుంది. కొత్త సంగీతం ఎక్కడుందని అడిగారు గదా! రాజోలు తాలూకా శంకరగుప్తం మీకెంత దూరం? 1930 జూలై 6న మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పుట్టిన ఊరది. తండ్రి పట్టాభిరామయ్య గారు సంగీతం చెప్పేవారు. తల్లి సూర్యకాంతమ్మ గారు వీణ వాయించేవారు. బిడ్డ పసికందుగా ఉన్నప్పుడే తల్లి పోయింది. ఆ పిల్లవాడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యుడై, ఎనిమిదేళ్ళ వయసులో విజయవాడలో త్యాగరాజ ఉత్సవంలో కచేరీ చేశాడు. పదిహేనేళ్ళ వాడయ్యేసరికి 72 మేళకర్తల మీదా పట్టు సాధించి, వాటన్నిటిలోనూ కృతులు కట్టాడు. ఇదంతా చాలామందికి తెలిసిన కథే. అంతగా తెలియనిది ఏమిటంటే, ఆ తరవాత ఆయన చేసిన సాహసం.

రాగమంటే ఆరోహణలోనూ, అవరోహణలోనూ కనీసం అయిదు స్వరాలైనా ఉండాలని శాస్త్రం చెబుతూ వచ్చింది. మోహన, హిందోళం అలా అయిదు స్వరాల రాగాలే. బాలమురళి గారు నాలుగు స్వరాలతో ఎందుకు కుదరదు అనుకున్నారు. షడ్జమం, రిషభం, మధ్యమం, ధైవతం, ఈ నాలుగింటితో 'లవంగి' అన్నారు. షడ్జమం, గాంధారం, పంచమం, నిషాదాలతో 'మహతి' అన్నారు. 'సుముఖం' అనేది కూడా నాలుగు స్వరాలదే. అంతటితో ఆగక మూడే మూడు స్వరాలతో 'సర్వశ్రీ' కట్టారు. మహతి నారదుని వీణ పేరు. 1967లో వచ్చిన 'భక్త ప్రహ్లాద' చిత్రంలో నారదుడి వేషం వేసినది కూడా ఆయనే కావడం చమత్కారం. 1975లో అరవంలో వచ్చిన 'అపూర్వ రాగంగళ్' చిత్రంలో ఒక పాటకు ఈ మహతినే వాడుకున్నారు. అలా ఆ రాగం కచేరీ హాలు దాటి టీ దుకాణం దాకా పోయింది.

అందరూ హర్షించారనుకోకండి. వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ గారు 1980ల్లో దీని మీద పెద్ద దుమారమే లేపారు. స్వరాలు ఎవరి సొత్తూ కావు, ఉన్న స్వరాలను ఏరి పేరు పెట్టి 'నేను పుట్టించాను' అనడం ఏమిటని ఆయన అభ్యంతరం. ఆలోచిస్తే అందులోనూ సబబు లేకపోలేదు. ఆ నాలుగు స్వరాలూ బాలమురళి గారి కంటే ముందూ ఉన్నాయి. మీ హార్మోనియం మీదా ఉన్నాయి. వాటిని ఆ వరసలో విని, అక్కడ ఒక రాగం ఊపిరి పీలుస్తున్నదని కనిపెట్టడానికి మాత్రం ఒక చెవి కావలసి వచ్చింది. పుట్టించడమనండి, కనిపెట్టడమనండి, పేరులో ఏముంది? అమ్మాయి చేత ఒక పూట ఈ పని చేయించండి: మోహన ఆలాపించి, వెంటనే మహతి రికార్డు వినమనండి. తీసేసిన స్వరాల చోట ఎంత ఖాళీ ఏర్పడిందో, ఆ ఖాళీలో ఎంత గాలి ఆడుతున్నదో తానే చెబుతుంది. మండువా చేసే పని కూడా అదే.

బాలమురళి గారు 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు. ఆయన పాటలు వినడానికి ఈ రోజుల్లో పెట్టె కూడా అక్కరలేదు, మీ అబ్బాయి జేబులో ఉన్న ఫోను చాలు.

చిత్రకళ కోసం గోదావరి దాటితే సరిపోతుంది. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు గారి చిత్రశాల ఉన్నది. రామారావు గారు 1897లో పుట్టి, 1925లో మశూచికంతో పోయారు. నిండా ఇరవై ఎనిమిదేళ్ళు కూడా బతకలేదు. ఆయనలోని చిత్రకారుణ్ణి గుర్తుపట్టినది ఆ ఊరి ఆర్ట్సు కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన. ఆయన శిష్యుల్లో అడవి బాపిరాజు గారు కూడా ఉన్నారు. కూల్డ్రే పిల్లలను వెంటబెట్టుకుని గోదావరి గట్టున తిరుగుతూ, మీ ఊరి మనుషులనూ, మీ ఊరి చెట్లనూ గీయండని ప్రోత్సహించేవారు. రామారావు గారు తరవాత బొంబాయి వెళ్ళి జె. జె. స్కూలులో చదివారు. అక్కడ పాశ్చాత్య పద్ధతి అంతా నేర్చుకున్నారు. తిరిగి వచ్చి వేసినవి మాత్రం మన ఆడవారి నడకా, మన నది ఒడ్డూ, మన పురాణ కథలూ. ఋష్యశృంగుడి కథ మీద ఆయన వేసిన చిత్రానికి 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి వచ్చింది. ఆయన భార్య సత్యవాణి గారు, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రాలు వేసినవారే. ఆ రోజుల్లో ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవారు కుంచె పట్టారంటే అది చిన్న సంగతి కాదు. ఆయన పోయాక మిత్రుడు వరదా వెంకటరత్నం గారు ఆ బొమ్మలను కంటికి రెప్పలా కాపాడారు గనకనే ఇవాళ మనం చూడగలుగుతున్నాం.

ఇంట్లో వారికి కనిపించనిది పైవారికి కనిపించడం లోకంలో మామూలే. కూల్డ్రే పైవాడు. సింహళంలో బావా స్వదేశీయుడైనా ఎన్నో ఏళ్ళు పరదేశంలో తిరిగి వచ్చినవాడు. మీ అబ్బాయికి కూడా ఇంటి మండువా పుస్తకంలో మాత్రమే కనబడిందంటే, వాణ్ణి కోప్పడకండి. రేపు వాడి చూపు ఇంటి వైపు తిరుగుతుంది. ఈలోగా ఇల్లు ఉండాలి, అదీ తంటా.

ఇక కొత్త డిజైన్ల సంగతి. మీ పక్కనే బండారులంక ఉన్నది. ఒకసారి పిల్లలను మగ్గం దగ్గర కూర్చోబెట్టండి. చీర కొనడానికి కాదు, అంచు మీద పువ్వు ఎలా పుడుతుందో చూడడానికి. కాగితం మీద వంపులు తిరిగిన తీగ, మగ్గం మీదకు వచ్చేసరికి నిలువు పోగులూ అడ్డం పోగులూ అనే గళ్ళలోకి ఒదగాలి. గుండ్రటి రేకును చదరపు గళ్ళతో ఎలా నమ్మించాలన్నది నేతగాడి తెలివి. కాకినాడ అవతల ఉప్పాడలో జాందానీ చీరలు నేసేవారైతే ఒక్కొక్క బుటాకు విడిగా పోగు చేతితో అమర్చుతారు. వెనక వైపు కూడా ముందు వైపంత శుభ్రంగా ఉంటుంది. దానికి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొత్తపేట వైపు ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డను ఒక్క లాగు లాగి, కాగితం కంటే పలచటి రేకు తీసే ఇల్లాళ్ళను చూశారా? ఆ పూతరేకులకూ 2023లో అదే గుర్తింపు దక్కింది. డిజైను అంటే పట్నంలో అద్దాల గదిలో కూర్చున్నవారి సొత్తేమీ కాదు.

పి. గన్నవరం మీదుగా వెళుతున్నప్పుడు అక్విడక్టు దగ్గర ఒక్క అరగంట ఆగండి. వైనతేయ నది మీదుగా కాలవను దాటించి నగరం లంకకు నీళ్ళు పట్టుకుపోవడానికి 1850ల్లో, కాటన్ దొర హయాములో, 49 ఖానాలతో కట్టిన వంతెన అది. కింద నది, పైన కాలవ! నీటి మీద నీరు నడిచే వింతను మీ తాతలు చూసి నోరు వెళ్ళబెట్టి ఉంటారు. మనం బస్సులో నిద్రపోతూ దాటేస్తున్నాం. తరవాతి కాలంలో పక్కనే కట్టిన కొత్తదానికి, ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కట్టడానికి ఇంజనీరు పేరు కాక ఒక అన్నదాత పేరు పెట్టడం కూడా మన సీమకే చెల్లింది.

అన్నిటికంటే నాకు ఇష్టమైన మాట చివరకు దాచుకున్నాను. ఏటా కొత్తగా పుట్టే కళ మీ ఇంటి పక్కనే ఉన్నది గదండీ! అంబాజీపేట దగ్గర మొసలపల్లి శివారు జగ్గన్నతోటలో కనుమ నాడు ప్రభల తీర్థం. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. ఉన్నది కొబ్బరితోట ఒక్కటే. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు ప్రభల మీద ఆ తోటకు వచ్చి కలుసుకుంటారు. వ్యాఘ్రేశ్వరం, గంగలకుర్రు, ఇరుసుమండ, వక్కలంక, పాలగుమ్మి, ముక్కామల, పుల్లేటికుర్రు, నేదునూరు... ఇలా ఒక్కొక్క ఊరిదీ ఒక్కొక్క ప్రభ. వెదురుతో చట్రం కట్టి, రంగురంగుల గుడ్డలూ నూలూ చుట్టి, పూలూ గంటలూ కట్టి, చూసేవారి మెడ నొప్పి పుట్టేంత ఎత్తు లేపుతారు. గంగలకుర్రు వారి ప్రభలు ఎగువ కౌశిక కాలవ నీళ్ళలో దిగి, పచ్చటి చేల నడుమ నుంచి భుజాల మీద వస్తాయి. చేను తొక్కుడు పడిందని ఏ రైతూ నొచ్చుకోడు. దేవుడు నడిచిన చేను పండుతుందంటాడు. 2023 జనవరి 26న ఢిల్లీ రిపబ్లిక్ దినోత్సవ ఊరేగింపులో మన రాష్ట్రం తరఫున నడిచిన శకటం ఈ ప్రభల తీర్థమే.

ఆర్కిటెక్చరు చదివే కుర్రవాడు అక్కడ చూడవలసినది చాలా ఉన్నది. అంత ఎత్తున్న చట్రం గాలికి ఎందుకు తూలిపోదు? మోసేవారి అడుగు తప్పినప్పుడు అది ఎలా వంగి మళ్ళీ నిలుచుంటుంది? వెదురు ఎక్కడ కట్టాలి, ఎక్కడ వదులుగా ఉంచాలి? ఈ లెక్కలు ఏ కాగితం మీదా లేవు, కట్టేవారి వేళ్ళల్లో ఉన్నాయి. పండగ అయిపోగానే అలంకారం విప్పేస్తారు. మళ్ళీ ఏడు మళ్ళీ కడతారు. ఒకటే ప్రభ, ఏటా కొత్తది. రంగులు మారతాయి, పనితనం మారుతుంది, నిరుటి కంటే ఈ ఏడు మన ఊరిది బాగుండాలన్న పంతం మాత్రం మారదు. పాతది బతకాలంటే చేతులు దాన్ని మళ్ళీ మళ్ళీ చేస్తూ ఉండాలి. ఇళ్ళ విషయంలో మనకు తప్పిపోయిన విద్య ఇదే. కట్టడం మానేశాం గనక మండువా పాతబడిపోయింది.

సోదరీ, ఇప్పుడు మీ ఇంటి మాట. అన్నదమ్ముల మధ్య నేను వేలు పెట్టను. మీ ఉత్తరంలో మీరు రాయకపోయినా నాకు అర్థమైన సంగతి ఒకటున్నది. ఇల్లు పాతబడిందన్నది పైకి చెప్పే మాట. అసలు చిక్కు వాటాలది. గదులు పంచుకోవచ్చు, అరుగు పంచుకోవచ్చు, పెరటి కొబ్బరిచెట్లు లెక్కపెట్టి చెరి సగం చేసుకోవచ్చు. మండువాను పంచుకోలేరు. మధ్యలో గోడ పెట్టిన మరుక్షణం అది మండువా కాకుండా పోతుంది. ఉమ్మడి కాపురం పోయాక ఉమ్మడి ఆకాశం ఎవరికి కావాలి? మీ మరిది గారి కోరికలో తప్పు లేదు. ఆయన పిల్లలకూ చోటు కావాలి.

అంచేత నా సలహా ఇది. ముందుగా, అబ్బాయి చేత ఈ సెలవుల్లోనే ఇల్లంతా టేపుతో కొలిపించండి. స్తంభం చుట్టుకొలత, చూరు ఎత్తు, గుమ్మాల వరస, మండువా లోతు, తూము వాలు, అన్నీ కాగితం మీదకు ఎక్కాలి. ప్రతి గదికీ ఫోటోలు తీయించండి. కాలేజీలో వాడికి ఇదే పరీక్షగా పనికివస్తుంది. పడగొట్టినా ఇల్లు కాగితం మీదైనా మిగులుతుంది.

ఆ తరవాత, ఉష్ణమాపకం ఒకటి కొని, వారం రోజుల పాటు మధ్యాహ్నం రెండు గంటలకు మీ వసారాలో ఒకసారీ, పక్కింటి డాబా పైగదిలో ఒకసారీ చూసి రాసుకోమనండి. మన మాట వినని మగవారు కూడా అంకెల మాట వింటారు. డాబా వేసుకుంటే నెలనెలా కరెంటు బిల్లు ఎంత అవుతుందో కూడా పక్కనే రాయమనండి.

మూడో సంగతి, రెండు వాటాలు చేసుకోవడమే ఖాయమైతే, ఒక ఆర్కిటెక్టును పిలిచి మండువాను వదలకుండా రెండు కాపురాలు కుదురుతాయేమో అడగండి. ముందు వైపు వారికి ముందు గుమ్మం, వెనక వైపు వారికి పెరటి గుమ్మం, వంటిళ్ళు వేరు, మండువా మాత్రం ఉమ్మడి. ఇలా కుదరవచ్చు. అదీ కుదరకపోతే, కట్టబోయే రెండు డాబాల్లోనూ నడుమ చిన్న ముంగిలి వదలమనండి. పైన వల బిగిస్తే పిట్టల బెడద ఉండదు, దొంగ భయమూ ఉండదు. బావా కొలంబోలో చేసినది చిన్న స్థలంలోనే. మీ స్థలం అంతకంటే చిన్నదని నేననుకోను.

అన్నీ దాటిపోయి, పడగొట్టడమే మిగిలితే, కూల్చనివ్వకండి, విప్పించండి. దూలానికీ, స్తంభానికీ, తలుపుకీ సుద్దతో అంకెలు వేయించండి. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్రలో దక్షిణాది నలుమూలల నుంచి పాత ఇళ్ళను ఇలా విప్పి తెచ్చి నిలబెట్టారు. వాటి సరసన మన విశాఖ తీరపు చుట్టిల్లు కూడా ఉన్నది. వీలైతే భార్యాభర్తలిద్దరూ, మరిది గారి కుటుంబంతో కలిసి, ఒకసారి చూసి రండి. సొంత ఇల్లు ఎదురుగా ఉండగా కనిపించని గుణాలు అక్కడ కనిపిస్తాయి. నిర్ణయం దాని తరవాత తీసుకోవచ్చు. కొబ్బరి దింపు మళ్ళీ వస్తుంది. విరిగిన టేకు స్తంభం రాదు.

ఇంకొక చిన్న మాట. ఇంటి సంగతి మాట్లాడేటప్పుడు మీరూ, మీ తోడికోడలూ కూడా చాప వేసుకుని ఆ మాటల్లో కూర్చోండి. ఇల్లు ఊడ్చేది మీరు, ఇంట్లో పగలంతా ఉండేది మీరు. ఎక్కడ చెమ్మ దిగుతుందో, ఎక్కడ గాలి ఆడుతుందో మీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కొలంబోలో కొత్త ఇల్లు పుట్టినది ఒక ఇల్లాలు తనకేం కావాలో స్పష్టంగా చెప్పగలిగింది గనకనే.

రాజోలు, కొత్తపేట, అమలాపురం వైపు పాఠకులకు ఒక మనవి. మీ ఊళ్ళో ఇంకా మనుషులు కాపురం చేస్తున్న మండువా ఇళ్ళు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఈ కాలానికి తగినట్టు ఎవరు ఏ మార్పు చేసుకున్నారో రాసి పంపండి. స్నానాలగది ఎక్కడ కలిపారు, పెంకులకు ఏం చేశారు, దోమలకు ఏం చేశారు, అటువంటి పనికివచ్చే వివరాలు కావాలి. మరొక ఇంటిలో ఇదే తగువు నడుస్తున్న సోదరికి అవి అక్కరకు వస్తాయి.